మూడు మునగముక్కలు, ఒక కరివేపాకు రెబ్బ

"గిన్నె మీద గిన్నె పెట్టి, గిన్నెలోన బువ్వ పెట్టి,
చేనుగట్టున కూచుందామే చిట్టి మరదలా,
మూత తీస్తే..."

మూత తీస్తే ఏముందో గుర్తు రావడం లేదు. నా చిన్నప్పుడు మా మేనత్త వేరుశనగకాయలు ఒలుస్తూ పాడేది. ఆ మరదలు మూత తీస్తుంది, లోపల ఏదో ఉంటుంది, అందరూ నవ్వుతారు. ఆ ఏదో ఏమిటన్నదే పోయింది. రాస్తూ ఉంటే వస్తుందేమో చూద్దాం.

అక్షరాలు కాస్త వంకరగా ఉంటాయి, ఏమీ అనుకోకండి. నాకు అక్షరాలు వచ్చింది అరవై రెండో ఏట. పైగా ఎడంచేత్తో రాస్తున్నాను. కుడిచెయ్యి ఖాళీ లేదు. ఎందుకు ఖాళీ లేదో చివర్లో చెబుతాను.

ముందు మా ఇంటి తెలివి గురించి చెప్పాలి. మా ఇంట్లో దేనికైనా లోటు ఉంటుందేమో గానీ తెలివికి మాత్రం లోటు లేదు. మా పెద్ద తమ్ముడు గవర్రాజు, గడియారం ఊరికే అరిగిపోతుందని ఆదివారం దాన్ని ఆపేసి, సోమవారం మళ్ళీ నడిపించేవాడు. అందుకని ఊరందరికీ ఒక టైము, మాకు ఒక టైము. మా చిన్న తమ్ముడు నూకరాజు, వాన వస్తే గొడుగు తడిసిపోతుందని చొక్కా లోపల దాచుకుని ఇంటికి పరుగెత్తుకొచ్చేవాడు. పదిహేనేళ్ళయింది, ఆ గొడుగు ఇప్పటికీ కొత్తదే. చూసినవాళ్ళు నోరు తెరిచి అలాగే నిలబడిపోయేవాళ్ళు. మా తెలివికి ఆశ్చర్యపోతున్నారని మాకు తెలుసు.

గవర్రాజుది క్యారేజీల ఫ్యాక్టరీ. ఆఫీసులకీ పొలాలకీ అన్నం పట్టుకెళ్ళే స్టీలు క్యారేజీలు. నాలుగు గిన్నెలు, ఒక మూత, పక్కన పట్టీ, పైన పిడి. మూడు నెమళ్ళ మార్కు. ఊరి చివర ఇండస్ట్రియల్ ఎస్టేటులో రేకుల షెడ్డు. నూకరాజు ప్రెస్సు మీద స్టీలు రేకు ఒత్తి గిన్నెలు చేస్తాడు. గవర్రాజు బావమరిది ఎర్రినాయుడు వాటికి పాలిష్ చక్రం మీద మెరుగు పెడతాడు. గవర్రాజు భార్య దమయంతి పట్టీ బిగించి మూత పెడుతుంది. గవర్రాజు చేతులు వెనక్కి కట్టుకుని చూస్తాడు. నేను అందరికీ వండి పెడతాను. తమ్ముళ్ళకి నేను అక్కని, మా వైపు అప్ప అంటాం. చివరికి ఎస్టేటు అంతటికీ నేను అప్పనే అయిపోయాను.

రోజుకి పదకొండు క్యారేజీలు చేసేవాళ్ళం. అవీ సరిగ్గా అమ్ముడుపోయేవి కావు. అలాంటి రోజుల్లో ఏడు ఊళ్ళలో స్టీలు సామాన్ల కొట్లున్న శేషావతారం గారి దగ్గర్నుంచి కబురొచ్చింది. ఆయనకి నెలలో ఐదు వందల క్యారేజీలు కావాలట. వచ్చే శనివారం స్వయంగా వచ్చి చూస్తారట. రోజుకి ఇరవై చేయగలమని నమ్మకం కుదిరితేనే ఆర్డరు.

ఆ రాత్రి అన్నాలదగ్గర గవర్రాజు ముద్ద కలుపుతూ ఆగిపోయాడు.

"ఇది పోతే ప్రెస్సు అమ్మేయడమే అప్పా. నూకరాజు చెన్నైలో ఏదో కంపెనీ చూసుకోవాలి. ఎర్రినాయుడు వాళ్ళ ఊరు పోతాడు. నువ్వు ఎవరి దగ్గర ఉంటావు?"

అయిదుగురికి ఒక్క కుండలో వండే చెయ్యి నాది. సగం కుండ వండటం నాకు రాదు.

అప్పుడే ఎస్టేటు ఆఫీసు వాళ్ళు చిన్న ఫ్యాక్టరీలకి ట్రైనింగు పెట్టారు. పని త్వరగా, వృథా లేకుండా ఎలా చెయ్యాలో నేర్పిస్తారట. మాకు నేర్పడానికి ప్రసూన అని ఒక అమ్మాయి వచ్చింది. ఇరవై ఆరేళ్ళుంటాయి. భుజాన పెద్ద సంచీ, చేతిలో రంగు చీటీలు, మొహం నిండా నవ్వు.

"నేను చెప్పింది చెప్పినట్టు చెయ్యండి చాలు. శనివారానికి ఇరవై ఏమిటి, పాతిక చేస్తారు," అంది.

చెప్పింది చెప్పినట్టు చెయ్యడమా! అదొక్కటే కదా మాకు పుట్టుకతో వచ్చింది.

సోమవారం మొదటి పాఠం. "వారం రోజులుగా ఎవరూ ముట్టుకోని వస్తువు ఏదున్నా దానికి ఈ ఎర్ర చీటీ కట్టండి. ఎర్ర చీటీ ఉన్నదంతా సాయంత్రానికి షెడ్డు బయట ఉండాలి. స్థలం కలిసొస్తుంది," అని చెప్పి, ప్రసూన ఆఫీసులో ఏదో మీటింగు ఉందని వెళ్ళింది.

అంతే. చీటీలు పంచుకున్నాం. విరిగిన కుర్చీకి ఒకటి, తుప్పు పట్టిన సుత్తికి ఒకటి. బాగానే ఉంది. తర్వాత గోడకున్న మంటలార్పే సిలిండరు.

"దీన్నెవరైనా ముట్టుకున్నారా?" అన్నాడు గవర్రాజు.

"మంట వస్తే కదా బావా ముట్టుకునేది!" అన్నాడు ఎర్రినాయుడు.

"కారణాలు అడగలేదు. ముట్టుకున్నారా లేదా?"

"లేదు."

"కట్టు చీటీ."

మందుల పెట్టెకి కట్టారు. నూకరాజు పైకి చూశాడు. "అన్నయ్యా, కప్పు రేకుల్ని ఎవరైనా ముట్టుకున్నారా?"

"షెడ్డు కట్టి ఏడేళ్ళయింది. ఒక్కరూ ముట్టుకోలేదు."

"వారానికే బయట పెట్టమంటే ఏడేళ్ళదాన్ని ఉంచుకున్నామా! ఆ అమ్మాయి చూస్తే ఏమనుకుంటుంది?"

ఇంకేముంది, నిచ్చెనలు వచ్చాయి. రేకులన్నీ దింపి, తుడిచి, బయట ఒకదాని మీద ఒకటి పేర్చారు. అప్పుడు గవర్రాజుకి అనుమానం వచ్చింది.

"మరి నన్ను? ఈ వారంలో నన్నెవరైనా ముట్టుకున్నారా?"

ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నాం. నూకరాజు మెల్లిగా తల అడ్డంగా ఊపాడు. గవర్రాజు న్యాయం తప్పే మనిషి కాదు. తన మెడలో తనే ఎర్ర చీటీ కట్టుకుని, బయటికెళ్ళి రేకుల మీద కూర్చున్నాడు.

సాయంత్రం ప్రసూన వచ్చింది. "గవర్రాజు గారూ, ఇక్కడ కూర్చున్నారేంటి?"

"పనికిరానివాణ్ణని తేలిందమ్మా," అన్నాడు, కళ్ళనీళ్ళు కుక్కుకుంటూ.

అప్పుడు లోపల్నుంచి దమయంతి కేకేసింది. "మొన్న శనివారం నేను తలంటు పోయలేదూ! రుద్దీ రుద్దీ చేతులు పడిపోయాయి, అప్పుడే మర్చిపోయారా?"

"అవునే! శనివారమంటే రెండు రోజులే!" అని చీటీ తెంపుకుని గంతులేస్తూ లోపలికొచ్చాడు. మేమందరం చప్పట్లు కొట్టాం. ప్రసూన కూడా లోపలికొచ్చింది. ఎండ తల మీద పడింది. పైకి చూసింది.

"కప్పు ఏదండీ?"

"బయట భద్రంగా ఉందమ్మా," అన్నాడు నూకరాజు. "మీరన్నట్టే స్థలం బాగా కలిసొచ్చింది. పైన ఇంత స్థలం ఉందని ఇన్నాళ్ళూ మాకు తెలియనే లేదు."

ప్రసూన నల్లబల్ల మీద ఆ రోజు లెక్క వేసింది. మూడు క్యారేజీలు.

రేకులు మర్నాడు ఎక్కిద్దామనుకున్నాం. తెల్లవారుజామున వాన కొట్టింది. షెడ్డు మధ్యలో పెద్ద మడుగు. పొద్దున్నే వచ్చి రేకులు ఎక్కించేసరికి ప్రసూన రెండో పాఠం మొదలుపెట్టింది.

"ప్రతి వస్తువుకీ ఒక చోటు ఉండాలి. దాని చుట్టూ పసుపు రంగుతో గీత గియ్యండి. పేరు రాసి చీటీ అంటించండి. ఎవరు తీసినా మళ్ళీ ఆ గీత లోపలే పెట్టాలి. అప్పుడు వెతుక్కునే పని ఉండదు."

దమయంతి ఏడో తరగతి చదివింది. చీటీలు రాసే పని తనది. గీతలు గీసే పని గవర్రాజుది. సుత్తి చుట్టూ గీశాడు, పట్టకారు చుట్టూ గీశాడు, నా పొయ్యి చుట్టూ గీశాడు. మూలన నిద్రపోతున్న పిల్లి చుట్టూ తోకతో సహా గీశాడు. పిల్లి లేచి వెళ్ళినప్పుడల్లా నూకరాజు ప్రెస్సు ఆపి, దాన్ని ఎత్తుకొచ్చి, గీతలో పడుకోబెట్టి, తోక సర్దేవాడు.

మనుషులకీ గీశాడు. గీసే వేళకి ఎవరు ఎక్కడుంటే అక్కడే. ఎర్రినాయుడి చక్రం షెడ్డుకి ఆ చివర ఉంటుంది, ప్రెస్సుకి నలభై అడుగుల దూరం. కానీ అతను ఆ నిమిషానికి వక్కపలుకు అడగడానికి నూకరాజు దగ్గరికొచ్చి చెయ్యి చాపాడు. అంతే, రెండు పాదాల చుట్టూ గీత పడిపోయింది. "ఎర్రినాయుడు" అని చీటీ పడిపోయింది.

"బావా, నా చక్రం అక్కడుంది కదా!"

"నీ చోటు ఇక్కడుంది. చక్రమే నీ దగ్గరికి రావాలి."

మిగతా నలుగురం కలిసి చక్రాన్ని ఈడ్చుకొచ్చి అతని ముందు పెట్టాం.

నా మెడలో కూడా దమయంతి ఒక చీటీ వేసింది. "ఇదేమిటే?" అన్నాను. "నీ పేరు వదినా. అప్ప." ఆ చీటీని రోజంతా తిప్పి తిప్పి చూసుకున్నాను. ఇది అ. ఇది ప్ప. తర్వాత పొయ్యి మీద చూశాను. సుత్తి మీద, మూత మీద, పిల్లి మీద చూశాను. వస్తువు ఎదురుగా ఉంది, పేరు దాని పక్కనే ఉంది, ఇంక ఎవరినీ అడగక్కర్లేదు. శుక్రవారానికి షెడ్డంతా చదివేశాను. లోకంలో అందరూ ముందు ఏ మాట చదువుతారో నాకు తెలియదు. నేను మాత్రం ముందు నన్నే చదువుకున్నాను.

మడుగు చుట్టూ కూడా గీత పడింది. "నీళ్ళు" అని చీటీ పడింది. మధ్యాహ్నం రేకుల వేడికి మడుగు ఎండిపోయింది.

"గీత ఉంది, చీటీ ఉంది, వస్తువు లేదు!" అని గవర్రాజు గుండె బాదుకున్నాడు. "అప్పా, ఎవరో తీసి తిరిగి పెట్టలేదు!"

నేను బిందెతో ఆరుసార్లు నీళ్ళు తెచ్చి, గీత దాటకుండా నింపాను. ప్రసూన వచ్చి అందులో జర్రున జారింది.

"ఇక్కడ నీళ్ళేమిటండీ!"

"వాటి చోటు అదేనమ్మా," అని చీటీ చదివి వినిపించాను. ఆ పిల్ల తడి చున్నీ పిండుకుంటూ నా మొహంలోకి చూసింది. చదివినందుకు మెచ్చుకుంటుందేమో అనుకున్నాను. నిజంగానే మెచ్చుకుంది, పాపం.

ఆ రోజు లెక్క రెండు.

బుధవారం పాఠం ఇంకా సులువు. "మీ తర్వాత పని చేసే మనిషే మీకు కస్టమరు. షాపుకొచ్చిన కస్టమరుని ఎంత మర్యాదగా చూస్తారో అంత మర్యాదగా చూడండి. అప్పుడు ఎవరూ చెత్త పని చేసి ముందుకి తోసెయ్యరు."

ఇంకేముంది. నూకరాజు గిన్నెలన్నీ దుప్పటి మీద పరిచి కూర్చున్నాడు.

"రండి రండి. దయచెయ్యండి. సోడా తాగుతారా? అప్పా, కస్టమరు గారికి సోడా!"

ఎర్రినాయుడు గీత దాటకుండా ముందుకి వంగి ఒక గిన్నె తీసుకుని వేళ్ళతో మోగించాడు. "పల్చగా ఉందే."

"గట్టి సరుకండీ. మీ మనవల దాకా వస్తుంది."

"పక్క కొట్లో ఇంతకంటే మందంగా ఉన్నాయి."

"అయితే పక్క కొట్లోనే కొనుక్కోండి!"

"కస్టమరుతో మాట్లాడే పద్ధతేనా ఇది? నీ కొట్టు గడప మళ్ళీ తొక్కితే ఒట్టు!" అని ఎర్రినాయుడు వెళ్ళిపోదామనుకున్నాడు. గీత ఉంది, వెళ్ళడానికి వీల్లేదు. అందుకని అక్కడే నిలబడి మొహం గోడవైపు తిప్పుకున్నాడు. ఇటు దమయంతి కూడా తక్కువ తినలేదు. తన తమ్ముడు ఎర్రినాయుడు మెరుగు పెట్టిన పాత గిన్నె ఒకటి చూసి, "నచ్చింది గానీ, మా ఆయన్ని అడిగి రేపు చెబుతా," అంది. ఆయన మూడడుగుల దూరంలోనే ఉన్నాడు. అయినా మంచి కస్టమరు అలాగే కదా అంటుంది.

ఆ రోజు లెక్క సున్నా.

ప్రసూన సుద్దముక్క కింద పెట్టేసింది. "ఏ చిక్కు వచ్చినా వెంటనే తీర్పు చెప్పెయ్యకండి. ఎందుకు అని ఐదుసార్లు అడగండి. ఐదోసారికి అసలు సంగతి బయటపడుతుంది," అని ఒక్క ముక్క చెప్పి వెళ్ళిపోయింది. మేము దాన్ని భద్రంగా గుర్తు పెట్టుకున్నాం.

గురువారం పొద్దున్న ఆ పిల్ల పాఠం కాయితం మీద రాసుకొచ్చింది. మూడుసార్లు చదువుకుంది. తర్వాత నా పొయ్యి దగ్గరికొచ్చి చదివి వినిపించింది. "కొనేవాళ్ళు క్యారేజీని ఎలా వాడతారో అలాగే వాడి చూడండి. బాగుందనిపిస్తేనే పెట్టెలో పెట్టండి. ఇందులో పొరపాటు పడటానికి ఏమీ లేదు కదా అప్పా?"

"ఏమీ లేదు తల్లీ," అన్నాను. నాకూ ఏమీ కనపడలేదు.

పదిన్నరకల్లా ఆరు క్యారేజీలు తయారయ్యాయి. అలక తీరిన ఎర్రినాయుడు చకచకా మెరుగు పెట్టాడు. ఇక వాడి చూడాలి. కొనేవాళ్ళు ఖాళీ క్యారేజీ వాడతారా? నేను అన్నం, పప్పు, మునగకాయ కూర, చారు వండి ఆరింట్లోనూ సర్దాను. నూకరాజు ఒకటి పట్టుకుని బ్యాంకుకి వెళ్ళాడు, ఆఫీసు మనుషులు తినేది అలాంటి చోటే కదా అని. మేనేజరు గారు వచ్చి, "ఏం పని మీద వచ్చారు?" అన్నారట. "అన్నం తినే పని మీదండీ. ఒంటిగంట దాకా ఆగాలి," అన్నాడట. గవర్రాజు ఒకటి పట్టుకుని కిక్కిరిసిన బస్సెక్కి ఊరంతా రెండు చుట్లు తిరిగాడు. దమయంతి రెండు పట్టుకుని పెద్దాసుపత్రికి పోయి, ఎవరూ లేకుండా పడుకున్న ఒక పెద్దాయన మంచం మీద కూర్చుంది.

"ఎవరమ్మా నువ్వు?" అన్నాడట ఆయన.

"ముందు తినండి. చారు కారిందో లేదో అదొక్కటీ చెప్పండి."

ఆయన రెండు క్యారేజీలూ తిని, "కారలేదు తల్లీ, రేపు కూడా వస్తావా?" అన్నాడట.

మిగిలిన రెండూ గీతలో నిలబడే ఎర్రినాయుడు తిన్నాడు. నాలుగు గిన్నెలు ఒకసారి, నాలుగు గిన్నెలు ఇంకోసారి. తర్వాత గీతలోనే ముడుచుకుని పడుకున్నాడు.

ప్రసూన మధ్యాహ్నం వచ్చేసరికి షెడ్డులో ఎర్రినాయుడు గురక, పిల్లి గురక తప్ప ఏమీ లేవు. సంగతి చెప్పాను. ముందు నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేసింది.

"నా మాటల్లోనే ఏదో లోపం ఉంది అప్పా. ఎల్లుండి ఆయన వస్తారు. మీ ఆర్డరు పోతే అది నా వల్లే."

"లోపమేమీ లేదు తల్లీ. నువ్వు చెప్పినదాంట్లో మేము ఒక్క అక్షరం వదల్లేదు," అని చారు పోసి అన్నం పెట్టాను. తింది. ఏడుస్తున్నా బాగా తింది.

శుక్రవారం ఆ పిల్ల కొత్త పాఠం చెప్పలేదు. "ఇవాళ కస్టమర్లు లేరు, ఎవరూ ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు. వాడి చూడటానికి రోజుకి ఒక్క క్యారేజీ చాలు, అది గవర్రాజు గారు చూసుకుంటారు. మిగతావాళ్ళు మామూలుగా పని చేసుకోండి," అని ఒక మూల కూర్చుంది. మధ్యాహ్నానికి ఉన్నట్టుండి లేచి నిలబడింది. నూకరాజు గిన్నె ఒత్తుతున్నాడు, చెయ్యి చాపుతున్నాడు, ఎర్రినాయుడు అందుకుంటున్నాడు. ఆ చివరికీ ఈ చివరికీ గిన్నెలు మోసే నడక లేదు. దారిలో ఆగి కబుర్లు చెప్పుకోవడం లేదు. ఎర్రినాయుడు గీత దాటడు కదా!

"ఈ చక్రాన్ని ఇక్కడ పెట్టమని ఎవరు చెప్పారు?" అంది.

"వక్కపలుకమ్మా," అన్నాడు ఎర్రినాయుడు.

సాయంత్రం లెక్క వేసింది. ఇరవై రెండు. మళ్ళీ లెక్కపెట్టింది. ఇరవై రెండే. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని బల్ల ముందు అలాగే నిలబడింది.

శనివారం పన్నెండున్నరకి శేషావతారం గారు కారు దిగారు. తెల్ల పంచె, తెల్ల చొక్కా, చిరాకు మొహం. గవర్రాజు అప్పటికింకా బస్సులో ఉన్నాడు, ఆ రోజు క్యారేజీ వాడి చూస్తూ. అందుకని మేమే ఎదురెళ్ళాం. ఆయన పసుపు గీతలు, చీటీలు, పిల్లి అన్నీ చూశారు. "నాకు ఐదు వందల క్యారేజీలు కావాలి," అన్నారు.

ఇది చిక్కే కదా. వెంటనే తీర్పు చెప్పకూడదు. "ఎందుకు?" అన్నాడు నూకరాజు.

ఆయన ఉలిక్కిపడ్డారు. "అమ్మడానికి!"

"ఎందుకు?" అంది దమయంతి.

"జనం కొంటారు గనక!"

"ఎందుకు?" అన్నాడు ఎర్రినాయుడు గీతలోంచి.

"అన్నం పట్టుకెళ్ళడానికి! ఏమిటిది, వేళాకోళమా?"

ప్రసూన కళ్ళు మూసుకుంది. "ఎందుకు?" అన్నాడు నూకరాజు మళ్ళీ.

"మధ్యాహ్నమైతే ఆకలేస్తుంది గనక!"

ఇక ఒక్కటే మిగిలింది. అది నా వంతు. "ఎందుకు నాయనా?" అన్నాను.

ఆయన భుజాలు కిందికి దిగాయి. "ఎందుకంటే... పొద్దున్న ఆరింటికి బయల్దేరానమ్మా. ఇంతవరకూ ఏమీ తినలేదు."

చూశారా, ఐదోసారికి అసలు సంగతి బయటపడింది! సరిగ్గా అప్పుడే గవర్రాజు చెమటలు కక్కుతూ క్యారేజీతో లోపలికొచ్చాడు. బస్సు కుదుపులకి జుట్టు చెదిరింది, చొక్కా గుండీ ఊడింది. క్యారేజీ కింద మాత్రం ఒక్క చుక్క లేదు. ఆయన్ని కూర్చోబెట్టి మూత తీశాను. చారు అంచుదాకా ఉంది. ఆయన క్యారేజీని ఎత్తి అడుగు చూశారు, పక్కలు చూశారు, వేలితో రాసి చూశారు. తర్వాత తినడం మొదలుపెట్టారు. కూర గిన్నె దగ్గరికొచ్చేసరికి చిరాకు పోయింది.

"మా కొట్లలో వచ్చే గొడవంతా ఇదేనమ్మా. చారు కారి చొక్కా పాడైందని రోజుకొకళ్ళు వెనక్కి తెస్తారు. రోజుకి ఇరవై చెయ్యగలరా?"

ప్రసూన నిన్నటి లెక్క చూపించింది. ఆయన తల ఊపి, తిన్న క్యారేజీని ఎత్తి మా కళ్ళముందు పట్టుకున్నారు.

"ఇదిగో, అచ్చం ఇలాంటివి ఐదు వందలు. దీనికీ మీరు పంపేవాటికీ వెంట్రుకవాసి తేడా ఉన్నా అన్నీ వెనక్కి తిప్పి పంపేస్తాను. నమూనాకి దీన్ని దగ్గర పెట్టుకోండి."

కారు వెళ్ళిపోయింది. ప్రసూన నన్ను వాటేసుకుని, నెలాఖరుకి వచ్చి చూస్తానని ఊరికి వెళ్ళిపోయింది.

అప్పుడు గవర్రాజు నమూనా మూత తీశాడు. పై మూడు గిన్నెలూ నాకినట్టు ఖాళీ. అడుగు గిన్నెలో నమిలి వదిలేసిన మునగముక్కలు మూడు, కరివేపాకు రెబ్బ ఒకటి.

"వెంట్రుకవాసి తేడా ఉండకూడదన్నాడు," అన్నాడు గవర్రాజు.

"రెబ్బ ఎడంవైపుకి వాలి ఉంది," అంది దమయంతి. "ముక్కల మీద గాట్లు చూడండి. కుడిపక్క పళ్ళతో నమిలినట్టున్నారు."

ఇరవై అయిదు రోజుల్లో ఐదు వందల క్యారేజీలూ అయిపోయాయి. ముక్కలు ముందే పెడితే పాడైపోతాయని నూకరాజు తెలివిగా చెప్పాడు, అందుకని చివరి మూడు రోజులు దానికే ఉంచుకున్నాం. పదిహేను వందల ముక్కలు. రోజుకి మనిషికి వంద. మునగకాయలకి మా ఊరి బజారు చాలలేదు, పక్క ఊరి సంతకి పోయాం. అందరూ కుడిపక్కే నమలాలి. నాకు కుడిపక్క రెండే పళ్ళున్నాయి, అయినా నా వాటా నేను నమిలాను. ఎర్రినాయుడికి దవడ గుమ్మడికాయంత వాచింది. అయినా నోరెత్తలేదు, ఎత్తడానికి రాలేదు కూడా. ఎవరైనా అలసిపోతే గవర్రాజు, "అందరం ఒక్క చోట ఉండాలంటే నమలాలి," అనేవాడు. మళ్ళీ నమిలేవాళ్ళం.

నాలుగో రోజు రెండింటికి లారీ వస్తుంది. పొద్దున్న ఎనిమిదింటికి ప్రసూన వచ్చింది. వరసగా పేర్చిన ఐదు వందల క్యారేజీలు చూసి మొహం వెలిగిపోయింది. ఒకటి తీసి మూత విప్పింది. గిన్నెలు ఒక్కొక్కటే దింపింది. ఆగింది. ఇంకొకటి విప్పింది. ఇంకొకటి. పదో దాని దాకా చూసింది. ప్రతిదాంట్లో మూడు ముక్కలు, ఒక రెబ్బ, ఎడంవైపు వాలి.

"వెంట్రుకవాసి తేడా లేదమ్మా," అన్నాడు గవర్రాజు గర్వంగా.

ఆ పిల్ల ఏదో అనబోయింది. మా అయిదుగురి మొహాలూ చూసింది. ఎర్రినాయుడి దవడ చూసింది. నోరు మూసుకుంది. చున్నీ నడుముకి కట్టుకుంది, కుళాయి కింద తొట్టి పెట్టింది. ఒక క్యారేజీ తీసి, లోపలిది గంపలో ఒంపి, పీచుతో తోమి నా చేతికిచ్చింది. ఒక్క మాట లేదు. నేనేం చెయ్యాలి? నీళ్ళలో ముంచి దమయంతికిచ్చాను. దమయంతి తుడిచి నూకరాజుకిచ్చింది. నూకరాజు గిన్నెలు పేర్చి ఎర్రినాయుడికిచ్చాడు. ఎర్రినాయుడు మూత పెట్టి పట్టీ బిగించాడు. గవర్రాజు పెట్టెలో పెట్టాడు. తోము, ముంచు, తుడువు, పేర్చు, బిగించు. ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు. చేతులు వాటంతట అవే తిరిగాయి. పాఠాలు చెప్పిన రోజుల్లో అన్నీ తప్పులే. ఆ రోజు ఆ పిల్ల నోరు విప్పలేదు, మేము ఒక్క తప్పూ చెయ్యలేదు. ఇదేమి వింతో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఒకటిన్నరకి ఐదు వందలూ అయిపోయాయి. చెయ్యి ఆడుతుంటే నాకు తెలియకుండానే పాట వచ్చింది. "చేనుగట్టున కూచుందామే చిట్టి మరదలా, మూత తీస్తే..." అని ఎప్పటిలాగే ఆగిపోయాను.

"మూత తీస్తే మునగముక్కలే చిట్టి మరదలా!" అని ప్రసూన పాడేసింది. పాడి, తొట్టి పక్కన కూలబడి కడుపు పట్టుకుని నవ్వింది. ఆ నవ్వు చూసి మేమూ నవ్వాం. అసలు పాటలో ఉన్నది అది కాదు. అయినా ఇప్పుడు నాకు అదే నోట్లో తిరుగుతోంది.

లారీ వెళ్ళింది. రెండు రోజులకి శేషావతారం గారి దగ్గర్నుంచి ఫోను వచ్చింది. ఒక్కటి కూడా వెనక్కి రాదట. ఇంకో వెయ్యి కావాలట. ఇక ప్రెస్సు అమ్మక్కర్లేదు. ఎవరూ ఎక్కడికీ పోనక్కర్లేదు. నా కుండ నిండుగానే ఉంటుంది. అందరం ఎగిరి గంతేశాం. గవర్రాజు ఒక్కడే కాస్త దిగులుగా ఉన్నాడు.

"ముక్కలు లేకుండా పంపినా కనిపెట్టలేదు అప్పా. పాపం, పెద్దాయనకి చూపు తగ్గినట్టుంది."

ఆ కబురు విన్నాకే ప్రసూన ఊరికి బయల్దేరింది. గురువారం పొద్దున్న పదింటి బస్సు. నేను ఎస్టేటు బస్టాపు దాకా వెళ్ళి, బస్సు ఎక్కించి, కుడిచెయ్యి ఎత్తి ఊపాను. బస్సు కదిలింది.

ఇవాళ ఆదివారం. నేను ఇంకా బస్టాపులోనే ఉన్నాను. చెయ్యి ఎత్తే ఉంది. నొప్పి పెడితే నూకరాజు వచ్చి కింద కర్ర దన్ను పెడుతున్నాడు. నా పాదాల చుట్టూ గవర్రాజు పసుపు గీత గీశాడు. పక్కన స్తంభానికి దమయంతి "అప్ప" అని చీటీ అంటించింది. ఒంటిగంటకల్లా క్యారేజీ వస్తుంది, చారు ఒక్క చుక్క కారదు. కాయితం బస్టాపు గోడకి ఆనించి ఎడంచేత్తో రాసుకుంటున్నాను.

ఒక్కటే ఇబ్బంది. ఎత్తిన చెయ్యి చూసి వచ్చే ప్రతి బస్సూ ఆగుతోంది. "ఎక్కు మామ్మా," అంటాడు కండక్టరు. ఎక్కనంటాను. "ఎక్కనిదానివి చెయ్యెందుకు ఎత్తావు?" అంటాడు. ఒక్కసారి అడిగితే లాభం లేదు నాయనా, ఐదుసార్లు అడగమంటాను. కొందరు అడుగుతారు కూడా. ఐదోసారికి అసలు సంగతి చెబుతాను. ఆ రోజు బస్సు మలుపు తిరుగుతుంటే ప్రసూన కిటికీలోంచి తల బయటికి పెట్టింది. కళ్ళనిండా నీళ్ళు, మొహమంతా నవ్వు. చెయ్యెత్తి నిలబడ్డ నన్ను చూసి గట్టిగా అరిచి చెప్పింది:

"అప్పా, మీరెప్పుడూ అచ్చం ఇలాగే ఉండాలి!"